గురువారం మధ్యాహ్నం ఎవరిస్తారు?

మా కాలేజీ స్టోరు రూములో ఒక ఫ్లెక్సీ బ్యానరు ఉంది. ‘రిసెర్చ్ మెథడాలజీ వర్క్‌షాపు’ అని పెద్ద పెద్ద అక్షరాలు, కింద తేదీ ఉండాల్సిన చోట కాగితం మీద కాగితం అతికించీ అతికించీ అట్టకట్టేసింది. ఏడాదికోసారి, ఇన్‌స్పెక్షన్ దగ్గర పడితే రెండుసార్లు, దాన్ని దులిపి సెమినార్ హాల్లో కడతారు. పోయిన నెల మళ్ళీ కట్టారు. కడుతున్న అటెండరు నన్ను చూసి, "మేడమ్, పోయినసారి కూడా మీరు ఇదే నేర్చుకున్నారు కదా" అన్నాడు. నవ్వేశాను గానీ ఆ మాట సాయంత్రం దాకా వదల్లేదు.

నేను ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీలో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ, అంటే ఒక్కో పేషంటు కాకుండా ఊరందరి పళ్ళ సంగతి, చెబుతాను. రీడర్‌ని, లెక్చరర్‌కీ ప్రొఫెసర్‌కీ మధ్య మెట్టు. పదకొండేళ్ళ సర్వీసులో ఇలాంటి వర్క్‌షాపులు ఏడింటికి వెళ్ళాను. ఏడు సర్టిఫికెట్లు, ఏడు ప్లాస్టిక్ ఫోల్డర్లు. ఆ ఫోల్డర్లలో రెండు ఇప్పుడు మా ఇంట్లో కరెంటు బిల్లులు మోస్తున్నాయి, మిగతావి మా అమ్మాయి ప్రాజెక్టులకి పోయాయి. వర్క్‌షాపు ఎలా జరుగుతుందో డెంటల్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ముఖ్య అతిథి గారి చిన్ననాటి కష్టాలు అయ్యేసరికి పదకొండున్నర. మొదటి సెషన్ ‘పరిశోధన అంటే ఏమిటి’. అప్పుడే గ్రూప్ ఫోటో, ఎందుకంటే భోజనం తర్వాత సగం మంది క్లినిక్‌లకి జారుకుంటారని నిర్వాహకులకీ తెలుసు. ఆ తర్వాత, పులిహోర, గులాబ్‌జామూన్ తిని ఏసీ హాల్లో కళ్ళు మూతలు పడుతున్న వాళ్ళకి, పాపం ఒక స్టాటిస్టిక్స్ ఆయన గంటన్నరలో మీన్ దగ్గర మొదలుపెట్టి రిగ్రెషన్ దాకా వెళ్ళిపోతాడు. ఆయన తప్పేం లేదు, ఆయనకిచ్చింది గంటన్నరే.

డెంటల్ టీచర్లకి రిసెర్చ్ నేర్చుకునే అవకాశాలే లేవని మా స్టాఫ్ రూములో అందరూ అనే మాట. నేనూ చాలాకాలం అన్నాను. ఇప్పుడు అనను. అవకాశాలు ఉన్నాయి, కొన్ని ఉచితం, ఇంట్లో కూర్చుని చూసుకోగలిగినవి కూడా. మాకు లేనివి వేరే రెండు. నేర్చుకున్నది చేసి చూసే టైము, పక్కన కూర్చుని తప్పు పట్టే మనిషి. ఈ రెండూ లేకుండా ఎన్ని సర్టిఫికెట్లు పోగేసినా ఈత పుస్తకం చదివి గోదాట్లో దూకినట్టే.

అసలు మేం ఎలా తయారవుతామో చూడండి. డెంటల్‌లో పీజీ, అంటే ఎండీఎస్, మూడేళ్ళు. చేరిన కొన్నాళ్ళకే సినాప్సిస్, అంటే థీసిస్‌లో ఏం చేస్తామో చెప్పే ప్లాను, పెట్టాలి. అప్పటికి పీజీకి ఓపీలో పేషంట్ ఫైలు ఎక్కడ పెట్టాలో కూడా సరిగ్గా తెలీదు, కానీ మూడేళ్ళపాటు మోయాల్సిన ప్రశ్న మాత్రం ఎంచుకోవాలి. సీనియర్ల థీసిస్‌లు తిరగేస్తారు, ఊరు మార్చి, వయసు మార్చి, మౌత్‌వాష్ బ్రాండు మార్చి ఒకటి రాస్తారు. నా సినాప్సిస్‌లో శాంపిల్ సైజు, అంటే ఎంతమందిని చూడాలన్న లెక్క, అరవై. "ఎందుకు సార్ అరవై?" అని అమాయకంగా అడిగాను. "పోయినేడు వాళ్ళదీ అరవయ్యే కదమ్మా" అన్నారు మా సారు, ఎంతో దయగా. ఆయన మంచి డాక్టరు. ఆయన చేతి కింద పన్ను తీయించుకుంటే నొప్పి తెలిసేది కాదు. కానీ ఆయనకీ ఎవరూ చెప్పలేదు, ఆయన గురువుకీ ఎవరూ చెప్పలేదు.

ఆ పీజీయే ఎండీఎస్ పాసయి సీనియర్ లెక్చరర్‌గా చేరతాడు. రీడర్ అవగానే గైడ్ కూడా అయిపోతాడు. నిన్నటిదాకా "అరవై ఎందుకు" అని అడిగినవాడు రేపట్నుంచి "అరవై చాల్లే" అని చెప్పే స్థానంలో ఉంటాడు. పైగా ప్రమోషన్‌కి పేపర్లు కావాలి. 2020 నుంచి కేంద్రం ర్యాంకింగుల్లో డెంటల్ కాలేజీలకి కూడా విడిగా లిస్టు వస్తోంది, దాంట్లో పబ్లికేషన్లు లెక్కపెడతారు, కాబట్టి మేనేజ్‌మెంట్‌కీ పేపర్లు కావాలి. ఇక డబ్బు కడితే పేపరు మీద పేరు వేయిస్తామని వాట్సాప్‌లో వచ్చే మెసేజీల సంగతి తెలిసిందే. ఫస్ట్ ఆథర్‌కి ఇంత, థర్డ్ ఆథర్‌కి ఇంత, ఇండెక్సింగ్ గ్యారంటీ, ఈ నెలాఖరుకే ఆఫర్. చీరల సేల్ కూడా ఇంత సిగ్గు లేకుండా ఉండదు. ఇది తప్పని చెప్పడం తేలిక. నేర్పకుండా లెక్క మాత్రం అడిగితే జనం లెక్క ఎలాగోలా చూపిస్తారు, నేను అందులో ఆశ్చర్యపోను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్తాను, నా సబ్జెక్టు కథ కదా, ఆగలేను.

1901లో అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టు కొత్తగా పాసై కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో ప్రాక్టీసు పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగిన వాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మరకలు. మన భాషలో గారపళ్ళు. ఆ ఊరి డాక్టర్లకి అవి అలవాటైపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. ఈయన మాత్రం ఇదేంటో తేల్చాలనుకున్నాడు. ఆయన పీహెచ్‌డీ చేసినవాడు కాదు, ల్యాబు లేదు, గ్రాంటు లేదు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1909లో, అప్పట్లో డెంటిస్ట్రీలో పెద్ద తలకాయ జి.వి. బ్లాక్ ఆయనతో కలిశాడు. క్యావిటీల క్లాసిఫికేషన్ అని ఫస్టియర్ నుంచి మనం బట్టీ కొడతామే, ఆ బ్లాకే. తర్వాత ఆ మరకకి నీళ్ళలోని ఫ్లోరైడే కారణమని తేలింది 1931లో, అదీ ఒక అల్యూమినియం కంపెనీ ల్యాబులో చర్చిల్ అనే కెమిస్టు నీళ్ళు పరీక్షించినప్పుడు. ప్రశ్న పుట్టిన దగ్గర్నుంచి జవాబు దొరికేదాకా ముప్పయ్యేళ్ళు. దీంట్లో నాకు బాగా నచ్చేది బ్లాక్ రావడం. మెకే దగ్గర ప్రశ్న ఉంది, పట్టుదల ఉంది. ఏం చూడాలో, ఎలా రాసుకోవాలో తెలిసిన పెద్దమనిషి పక్కన చేరాకే అది పరిశోధన అయింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఫ్లోరోసిస్‌తో ఎముకలు బిగిసిపోయిన మనుషుల గురించి షార్ట్, ఆయన సహచరులు ఒక మెడికల్ పత్రికలో రాశారు. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి మొదట గట్టిగా నమోదైంది మన నేల మీదే. రాసింది మద్రాసు కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చినవాళ్ళు. తర్వాత శ్రీకాకుళం. అడ్డపొగ తెలుసుగా, చుట్ట వెలిగించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగుతారు, ఎక్కువగా ఆడవాళ్ళు. దానివల్ల అంగిట్లో వచ్చే మచ్చల మీద 1971లో బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వచ్చిన పరిశీలనలో 10,169 మంది గ్రామస్థుల్ని చూశారు. ఇంటింటికీ తిరిగి చేసిన పని అది. చేయించింది బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం వాళ్ళు, వాళ్ళతో డెన్మార్క్ ప్రొఫెసర్ పిండ్‌బోర్గ్. వాళ్ళకి దండం పెట్టాలి, అనుమానం లేదు. కానీ మన పళ్ళు, మన అంగిళ్ళు, మన నీళ్ళు, మన చుట్టలు. ప్రశ్న పట్టుకున్నవాళ్ళు మాత్రం బొంబాయి నుంచీ కోపెన్‌హాగెన్ నుంచీ రావాల్సొచ్చింది. ఇప్పటికీ మా కాలేజీల్లో పీజీ థీసిస్ అంటే రెండు టూత్‌పేస్టుల మధ్య పోటీ.

1948లో రెండు దేశాల్లో రెండు చట్టాలు వచ్చాయి. మార్చిలో మన దగ్గర డెంటిస్ట్స్ యాక్టు, దాంతో కాలేజీల్ని తనిఖీ చేసే డెంటల్ కౌన్సిల్. జూన్‌లో అమెరికాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెంటల్ రిసెర్చ్ పెట్టే చట్టం, దానికి మొదటి డైరెక్టరు ట్రెండ్లీ డీన్. గారపళ్ళకి ఈ రోజుకీ మేం వేసే స్కోరు ఆయన పేరు మీదే ఉంది. అంటే ఒకే ఏడాది వాళ్ళకి ల్యాబు వచ్చింది, మనకి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇన్‌స్పెక్టరు అక్కర్లేదని అనను, రిజిస్ట్రేషన్ లేని పళ్ళ డాక్టర్లు వీధివీధికీ ఉన్న దేశం మనది. కానీ డెబ్బై అయిదేళ్ళు దాటినా, వైద్య పరిశోధన చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ కింద అన్ని సంస్థలున్నాయే, పోషకాహారానికి తార్నాకలో ఒకటి, అంటువ్యాధుల లెక్కలకి చెన్నైలో ఒకటి, దంతాలకంటూ ఒక్కటీ లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో డెంటల్ సెంటర్ ఒకటి ఉంది, అది వేరే సంగతి. 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం పాసైంది, పాత చట్టం స్థానంలో. ఇన్‌స్పెక్టరు యూనిఫామ్ మాత్రమే మారుతుందా, ఇంకేమైనా మారుతుందా అన్నది మా అందరి ఆరాటం.

అమెరికా వాళ్ళ దగ్గర నేను కుళ్ళుకునేది డబ్బు గురించి కాదు. ఆ దంత పరిశోధన సంస్థ చదువుకున్న డెంటిస్టులకి ట్రైనింగ్ అవార్డులు ఇస్తుంది, కె08, కె23 అని. పేర్లు ఎరువుల బస్తాల మీద నంబర్లలా ఉంటాయి గానీ వాటిలో ఒక షరతు ఉంది. అవార్డు వచ్చినవాళ్ళు తమ పని టైములో కనీసం 75 శాతం, అంటే ఏడాదికి తొమ్మిది నెలలు, పరిశోధనకీ, అది నేర్చుకోవడానికీ పెట్టాలి. కాలేజీ ఒప్పుకుంటేనే అప్లికేషను. గైడు పేరు రాసి, ఆయన ఏం నేర్పుతాడో కూడా ముందే రాయాలి. టైమూ మనిషీ, రెండూ కాగితం మీద. ఇక్కడి నుంచి వెళ్ళి అక్కడ డెంటల్ స్కూళ్ళలో పనిచేస్తున్న మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. ఆ కె08, కె23లకి సిటిజన్ అయినా కావాలి, గ్రీన్‌కార్డయినా ఉండాలి. వీసా మీద ఉన్నవాళ్ళు కె99 అనే ఇంకో అవార్డు చూసుకోవాలి, దానికి ఆ నిబంధన లేదు. నా బ్యాచ్‌మేట్ ఒకామె ఇది తెలీక రెండేళ్ళు గ్రీన్‌కార్డు కోసం కూర్చుంది.

సరే, మన దగ్గర ఏమున్నాయి? చెన్నైలోని ఐసీఎంఆర్ వాళ్ళ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎపిడెమియాలజీ చేసిన ‘హెల్త్ రిసెర్చ్ ఫండమెంటల్స్’ అనే కోర్సు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల సైటు ఎన్‌పీటెల్‌లో ఉంది. ఎనిమిది వారాలు. చూడ్డానికి పైసా కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టి సెంటర్‌కి వెళ్ళి రాయాలి. నేను చేశాను. వంటింట్లో ఫోను మిక్సీకి ఆనించి పెట్టి సగం, రాత్రి పది తర్వాత సగం. నేను వెళ్ళిన ఏడు వర్క్‌షాపులూ కలిపి తూచినా దాంట్లో రెండో వారానికి సరిపోవు. అదే సంస్థ మెడికల్ కాలేజీల పీజీలకీ టీచర్లకీ ‘బేసిక్ కోర్స్ ఇన్ బయోమెడికల్ రిసెర్చ్’ అని ఇంకోటి నడుపుతుంది, వాళ్ళకి అది తప్పనిసరి. హైదరాబాద్‌లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీలో ప్రజారోగ్యంలో పీజీ, ఎంపీహెచ్ ఉంది, బీడీఎస్ చేసిన మనవాళ్ళు ఎంతోమంది అక్కడ చదువుకున్నారు. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ డీబీటీ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ ఆఫీసు కూడా హైదరాబాద్‌లోనే, క్లినిక్‌లో పనిచేసే డాక్టర్లకి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తారు. అది ఎవరెస్టు, మొదటి రోజే ఎక్కమని ఎవరికీ చెప్పను.

వీటన్నిటికంటే నేను ఎక్కువ నేర్చుకున్నది మాత్రం ఎవరూ టీచర్ల ట్రైనింగ్ అని అనుకోని దాంట్లో. ఐసీఎంఆర్ వాళ్ళు ఎంబీబీఎస్, బీడీఎస్ పిల్లలకి 1979 నుంచి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఇస్తున్నారు. స్టూడెంటు రెండు నెలల్లో చేయగలిగిన చిన్న ప్రాజెక్టు ఒకటి రాసి పంపాలి, కాలేజీలో ఒక గైడు ఉండాలి. మూడేళ్ళ క్రితం థర్డ్ ఇయర్ పిల్ల ఒకతె వచ్చి, "మేడమ్, గైడ్‌గా ఉంటారా, ఎవరూ ఒప్పుకోవట్లేదు" అంది. మొహమాటానికి ఒప్పుకున్నాను. బోరునీళ్ళు తాగే బడిపిల్లల గారపళ్ళ మీద ప్రాజెక్టు. ఆ పిల్ల ప్రతి వాక్యానికీ "ఎందుకు మేడమ్" అని అడిగేది. ఎందుకు పన్నెండేళ్ళ పిల్లలే, ఎందుకు ప్రభుత్వ బడే, ఎందుకు అన్ని బావులూ కాకుండా ఈ బోరే. సగానికి నా దగ్గర జవాబు లేదు. రాత్రిళ్ళు ఇంటికెళ్ళి చదువుకుని పొద్దున్నే ఆ పిల్లకి ఏదో ముందే తెలిసినట్టు చెప్పేదాన్ని. ఆమె ప్రాజెక్టు సెలెక్టు కాలేదు. నేను మాత్రం అప్పుడు మొదటిసారి ఒక ప్రోటోకాల్, అంటే పరిశోధన ఎలా చేస్తామో అడుగడుగూ చెప్పే ప్లాను, నిజంగా రాశాను. కొత్తగా చేరిన లెక్చరర్లకి నేను చెప్పేది ఇదే, వర్క్‌షాపు ఒకటి మానేసి ఒక బీడీఎస్ పిల్లకి గైడుగా ఉండండి.

సెలెక్టు కాకపోయినా ఆ పని వదల్లేదు, సొంత ఖర్చుతో చేద్దామనుకున్నాం. కనిగిరి వైపు ఒక బడి. నేనూ, మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకో సారూ పళ్ళు చూడాలి. ఇద్దరం గారపళ్ళకి వేసే ఆ ట్రెండ్లీ డీన్ స్కోరు పదేళ్ళుగా స్టూడెంట్స్‌కి చెబుతున్నవాళ్ళమే, చార్టు కళ్ళు మూసుకుని గీస్తాం. పక్క మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్‌లో ఒక స్టాటిస్టిక్స్ మేడమ్ ఉన్నారు, ఆవిడ సాయం అడిగితే ముందు ఒక్కటే అన్నారు. "లెక్కల సంగతి తర్వాత. మీరిద్దరూ ముప్పై మంది పిల్లల్ని విడివిడిగా చూసి, ఒకరి షీటు ఒకరికి చూపించకుండా నాకు పంపండి." అవమానంగా అనిపించింది, నిజం చెప్పాలంటే. పదకొండేళ్ళ సర్వీసున్న రీడర్‌కి గారపళ్ళు గుర్తుపట్టడం వచ్చో రాదో పరీక్షా!

పంపాం. కప్పా 0.38 వచ్చింది. అంటే ఇద్దరం ఒకే నోట్లోకి చూసి, ఊరికే అదృష్టం కొద్దీ కలిసేదానికంటే కాస్త మాత్రమే ఎక్కువగా కలిశాం. కప్పా అంటే తెలీనివాళ్ళకి, అది 1 అయితే ఇద్దరి మాటా ఒకటే, 0 అయితే బొమ్మా బొరుసూ వేసుకున్నట్టే. ఆవిడ ఏమీ అనలేదు, షీట్లు రెండూ పక్కపక్కన పెట్టి చూపించారు. గొడవంతా రెండు గళ్ళ మధ్యే. నేను ‘వెరీ మైల్డ్’ (చాలా కొద్దిగా ఉంది) అన్న చోటల్లా మా సారు ‘క్వశ్చనబుల్’ (ఉందో లేదో అనుమానం) అన్నారు. ఎందుకో ఇద్దరికీ అర్థం కాలేదు. మర్నాడు మళ్ళీ బడికి వెళ్ళి ఒకరు చూస్తుంటే ఇంకొకరు గమనించాం. నేను పన్ను చూసేముందు అలవాటు కొద్దీ దూదితో తుడుస్తున్నాను. ఆరిన పన్ను మీద ఎనామెల్‌లోని సన్నని తెల్ల చారలు కూడా కనబడతాయి. ఆయన తడి పన్నునే, కిటికీ వెలుతురులో చూస్తున్నారు. డీన్ స్కోరుకి ఆయన పద్ధతే సరైంది, పన్ను ఆరబెట్టి చూడమని చెప్పే స్కోరు వేరే ఉంది. పదేళ్ళుగా చెబుతున్నాను, నా దూది ముక్క నాకు కనబడలేదు.

రెండు వారాల తర్వాత దూది పక్కన పెట్టి మళ్ళీ చూశాం. ఈసారి 0.71. స్కోర్లలో ఒక వరుస ఉంది కాబట్టి, పక్క గడి తేడాని చిన్నగా, దూరపు గడి తేడాని పెద్దగా లెక్కేసే వెయిటెడ్ కప్పా చూడాలని ఆవిడ అదీ నేర్పారు. ఆ రెండు వారాల్లో నేను నేర్చుకున్నది ఏ స్లైడూ నేర్పలేదు, ఎందుకంటే ఏ స్లైడుకీ నా దూది కనబడదు. ఆ మేడమ్ తీసుకున్న ఫీజు? మా క్యాంటీన్ కాఫీ, రెండు సమోసాలు. ఇలాంటివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. వాళ్ళ దగ్గరికి మేం డేటా అంతా అయిపోయాక, ఎక్సెల్ షీటు తీసుకుని, "మేడమ్, కొంచెం సిగ్నిఫికెంట్ వచ్చేలా చూడండి" అని వెళ్తాం. ఆ షీట్లో ఒకే కాలమ్‌లో మగపిల్లల్ని నాలుగు రకాలుగా రాసి ఉంటాం. చావుకొచ్చిన పేషంటుని చివరి గంటలో తెచ్చినట్టు.

మా సీనియర్ ఒకరు ఇది చదివితే అనబోయేది నాకు తెలుసు. "ఇవన్నీ సర్కారీ కాలేజీల్లో కుదురుతాయమ్మా. మనకి పొద్దున ఓపీ, మధ్యాహ్నం క్లాసు, సాయంత్రం క్లినిక్. క్లినిక్ మానేస్తే ఇల్లు గడవదు." కాదనను. జీతాల సంగతి ఎత్తితే ఈ వ్యాసం వేరే దారిలో పోతుంది. పైగా గవర్నమెంటు వాళ్ళకి ఇప్పుడు ఇంకో మేలు కూడా జరిగింది. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద మూడేళ్ళకి 6,000 కోట్లు పెట్టి సుమారు 13,000 పత్రికలు కొన్నారు, ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్ళు ఉచితంగా చదువుకోవచ్చు. మంచి పని, నిజంగా. కానీ దేశంలో డెంటల్ కాలేజీల్లో చాలావరకు ప్రైవేటువే. అక్కడ చదివేదీ ఈ దేశం పిల్లలే, అక్కడ ఓపీకి వచ్చేదీ పేదవాళ్ళే. ఒక పేపరు మొత్తం చదవాలంటే నేను ఇప్పటికీ గవర్నమెంటు కాలేజీలో ఉన్న ఫ్రెండుకి మెసేజ్ పెడతాను, ఆమె పెళ్ళిలోనో ప్రయాణంలోనో ఉంటే నా సందేహం కూడా పెళ్ళిలోనో ప్రయాణంలోనో ఉంటుంది.

అయినా సరే, అందరి చేతా రిసెర్చ్ చేయించాలన్నది నా మాట కాదు. నిజానికి నేను చెప్పేది దానికి వ్యతిరేకం. ప్రతి డెంటల్ టీచరూ పేపర్లు రాయాల్సిందే అనడం వల్లే ఈ వాట్సాప్ సంత పెట్టుకున్నాం. రూట్ కెనాల్ అద్భుతంగా చేసే మనిషి, పీజీలకి చేయి పట్టుకుని నేర్పే మనిషి, ఆయన ఒక్క పేపరూ రాయకపోయినా ప్రొఫెసర్ అవ్వాలి. ఆయనకి కావల్సిన ట్రైనింగ్ వేరే. ఒక పేపరు ముందు పెడితే ఇది నమ్మాలా వద్దా, ఈ అరవై మంది ఎక్కడినుంచి వచ్చారు, కంపెనీ డబ్బు ఉందా, దీన్ని ముందే రిజిస్టర్ చేశారా అని చూడగలగాలి. క్లినికల్ ట్రయల్ ఏదైనా మొదటి పేషంటుని తీసుకునే ముందే సీటీఆర్ఐ అనే దేశం మొత్తం ట్రయల్స్ రిజిస్టరులో నమోదు చేయాలన్న నియమం 2018 ఏప్రిల్ 1 నుంచి ఉంది. మా దగ్గర పీజీ ఒకతను ట్రయల్ సగమయ్యాక ఆ సంగతి తెలుసుకుని, రెండేళ్ళ పని ఏ మంచి పత్రికా తీసుకోక, కారిడార్‌లో కూర్చుని ఏడ్చాడు. అతని గైడుకీ తెలీదు. ఇలా చదవడం, ఇలాంటి నియమాలు తెలియడం, ఇది మాత్రం అందరికీ కావాలి, దీనికి ఎనిమిది వారాల ఆన్‌లైన్ కోర్సు, నెలకోసారి అందరూ కలిసి ఒక పేపరు తరచి చదివే జర్నల్ క్లబ్ చాలు. జర్నల్ క్లబ్ అంటే పీజీ స్లైడ్లు చదువుతుంటే స్టాఫంతా ఫోన్లు చూసుకునేది కాదు, తెలుసుగా.

చేయాలని దురద ఉన్నవాళ్ళు డిపార్ట్‌మెంట్‌కి ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్ళని పట్టుకుని వాళ్ళకి టైమివ్వాలి. తొమ్మిది నెలలు అడగట్లేదు. వారానికి ఒక పూట. ఆ పూట ఓపీ లేదు, క్లాసు లేదు, ఇన్‌స్పెక్షన్ ఫైళ్ళు లేవు. రెండు రోజుల వర్క్‌షాపుకి ఫ్లెక్సీ, శాలువాలు, మెమెంటోలు, భోజనాలు, వచ్చిన పెద్దల హోటల్ రూములు కలిపి అయ్యే ఖర్చుతో ఒక స్టాటిస్టిక్స్ మనిషిని వారానికోసారి పిలిచి ఏడాదంతా కూర్చోబెట్టొచ్చని మా ప్రిన్సిపాల్ గారికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆయన చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "లెక్క బాగానే ఉందమ్మా. కానీ ఇన్‌స్పెక్షన్‌కి ఫోటో ఏది చూపిస్తాం?" అన్నారు. వ్యంగ్యంగా కాదు, నిజంగానే అడిగారు. ఆయన బాధ ఆయనది. వారానికో పూట ఒకావిడ కంప్యూటరు ముందు కూర్చుంటే దాన్ని ఏ ఫార్మాట్‌లో, ఏ గడిలో నింపుతారు? పైవాళ్ళు అడిగేది ‘ఎన్ని వర్క్‌షాపులు జరిపారు’ అనే, ‘ఎవరికెంత టైమిచ్చారు’ అని అడిగే గడి ఇప్పటిదాకా నాకు ఏ ఫారంలోనూ కనబడలేదు. కొత్త కమిషన్ వాళ్ళు ఆ ఒక్క గడి పెడితే చాలు, కాలేజీలు వాటంతటవే దారికొస్తాయి, మన కాలేజీలు గడి నింపడంలో దిట్టలు.

చివరికి బేరం కుదిరింది. గురువారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర, నాకూ మా సారుకీ, ఇద్దరు పీజీలకీ. ఓపీలో రద్దీ ఉంటే రద్దు. మొదటి నెల నాలుగు గురువారాల్లో రెండు రద్దీకి పోయాయి, ఒకటి యూనివర్సిటీ ప్రాక్టికల్స్‌కి. మిగిలిన ఒక్క గురువారం కనిగిరి పిల్లల పళ్ళ ఫోటోలు పెట్టుకుని నలుగురం విడివిడిగా స్కోర్లు వేశాం. పదిహేడో నంబరు పిల్లాడి పై ముందు పళ్ళ దగ్గర నలుగురం మూడు మాటలు చెప్పాం. ఫస్టియర్ పీజీ అమ్మాయి ఫోటో పెద్దది చేసి చాలాసేపు చూసి, "మేడమ్, ఇది ఫ్లాష్ వెలుగేమో" అంది. మా సారు లేచి కిటికీ తెర తీశారు, ఆ వెలుతురులో మళ్ళీ చూద్దామని. స్క్రీన్ మీద ఫోటోకి కిటికీ వెలుతురు ఏం చేస్తుందని నేను నవ్వాను. ఆ పిల్లాణ్ణి మళ్ళీ చూడాలి, వచ్చే గురువారం రద్దీ లేకపోతే.